కొండెక్కని దీపం

డిసెంబరు 15, ఆదివారం

నవంబరులో ఒక ఉదయం పదే పదే గుర్తుకొస్తోంది. విశేషం ఏమీ లేని ఉదయం. రాసుకుంటే వదులుతుందేమోనని రాస్తున్నాను.

తెల్లవారకముందే స్నానం చేసి పాలు పొయ్యి మీద పెట్టాను. డాబా మెట్ల మీద ధరణి చెప్పుల చప్పుడు. పోయిన మావారి పాత శాలువా కప్పుకుని, చలికి ఎర్రబడిన ముక్కుతో వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. గడప మీద కూర్చోవద్దని దాని తొమ్మిదో ఏట నుంచి చెబుతున్నాను, అమ్మ పోయాక నా వెంట మా ఇంటికి వచ్చినప్పటి నుంచి. ఇప్పుడు దానికి ముప్పై ఎనిమిది. ఇంకా లేవదు.

"అక్కా, పిల్ల మళ్ళీ మసకబారిందే," అంది.

పక్కింటి పాపకు జ్వరం వచ్చిందని చెప్పినట్టే చెబుతుంది. పిల్ల అంటే నక్షత్రం. రోహిణికీ కృత్తికలకూ నడుమ ఉంటుందట, మామూలు కంటికి ఆనదు. పుట్టి కొన్ని లక్షల ఏళ్ళే అయింది, నక్షత్రాల్లో అది పసితనమేనట. పుట్టిననాటి దుమ్ము ఇంకా చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఆ దుమ్ము అడ్డం వస్తే మసకబారుతుంది, తొలగితే వెలుగుతుంది. ఒక్కోసారి ఎందుకో ఎవరికీ తెలియకుండా భగ్గుమంటుంది. ఇంకా కుదురుకోలేదు. ధరణి నాలుగు చలికాలాలుగా తన చిన్న టెలిస్కోపుకు కెమెరా తగిలించి దాన్ని కనిపెట్టుకుని ఉంది. పక్కన వెలుగు మారని నక్షత్రాలు రెండు పెట్టుకుని, వాటితో పోల్చి, ఈ పూట ఎంత వెలిగిందో లెక్క కట్టి పంపుతుంది. దేశదేశాల్లో ఇలాంటి చిన్న టెలిస్కోపుల వాళ్ళు ఉన్నారు, ఎవరి డాబా మీద వాళ్ళు. మనకు చీకటి పడేసరికి కొందరికి పగలు. మన వంతు మనం చూడకపోతే ఆ పూట దాన్ని ఎవరూ చూడనట్టే.

"ఇంకో సంగతి. నిలకడ అనుకున్న రెండిట్లో ఒకటి మెల్లగా మారుతోందక్కా. పాత లెక్కలన్నీ మళ్ళీ కట్టుకోవాలి."

"కోపం రాలేదా?"

"దాని మీద కోపం దేనికి? నిలకడగా ఉంటానని నాకేం మాటివ్వలేదుగా. నేనే నమ్మాను."

నవ్వి, కాఫీ గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకుని వేడి చేసుకుంది. నేను ఇడ్లీ డబ్బాలో సర్దాను.

గేటు దగ్గర బుచ్చవ్వ కేక వేసింది. లాల్‌గడి మలక్‌పేట నుంచి రోజూ కూరగాయల గంప తెస్తుంది.

"ఓ పెద్దమ్మా, చిక్కుడుకాయ తెచ్చిన. జర సూడు, గిప్పుడే తెంపిన."

నేను కాయలు ఏరుతుంటే ధరణి డబ్బా పట్టుకుని పరుగున వచ్చింది. తుర్కపల్లి ల్యాబుకు తీసుకెళ్ళే క్యాబు హారన్ కొడుతోంది.

"సిన్నమ్మ కండ్లు సూడుండ్రి, ఉల్లిగడ్డల లెక్కయినయ్. రాత్రంత గా సుక్కలకు కావలుంటవా బిడ్డా?"

"నువ్వు పొలానికి కావలుండవా బుచ్చవ్వా?"

"మా పొలంల అడివిపందులొస్తయ్. సుక్కల్ని ఎవడెత్కపోతడు?"

ధరణి నవ్వుతూనే క్యాబు ఎక్కింది. అప్పుడే కాలనీ సంఘం అధ్యక్షులు పట్టాభిరామయ్యగారు వాకింగు నుంచి వస్తూ ఆగారు. "ఏమ్మా, ఇబ్బందులేమీ లేవు కదా?" అన్నారు, ఎప్పుడూ అడిగినట్టే.

"పార్కు మూల చీకటండీ," అన్నాను. "ధనుర్మాసం వస్తోంది. తెల్లవారుజామున ఆడవాళ్ళం దేవరయాంజాల్ రామాలయానికి ఆటో ఎక్కేది అక్కడే. ఒక పెద్ద లైటు వేయించండి."

"మీరు అడగడమూ, మేం వేయించకపోవడమూనా."

అంతే. లోపలికి వచ్చి చిక్కుడుకాయలకు ఈనెలు తీశాను.

నిన్న లైటు వెలిగింది. ఎత్తైన స్తంభం, చుట్టూ ఆరు దీపాలు. మా డాబా మీద బట్టల తీగ నీడ కూడా గీత గీసినట్టు పడింది. వీధిలో అందరూ బయటికి వచ్చి చూశారు. ధరణి డాబా ఎక్కి, చూసి, దిగి వచ్చింది.

"ఎలాగూ పౌర్ణమి రోజులు. నాకిప్పుడు పని లేదులే," అంది.

గుడికి వెళ్ళే ఆడవాళ్ళ కోసమే అడిగాను.

డిసెంబరు 16, సోమవారం

ధనుర్మాసం మొదలైంది. పట్టపగలులాంటి వెలుగులో ఆటో ఎక్కాం. అందరూ నా పుణ్యమేనన్నారు.

డిసెంబరు 19, గురువారం

ముంగిలంతా బండలు పరిచి, పై వాటాలో ఉండే మా తమ్ముడు ఫణి కారు పెడుతున్నాడు కనుక తులసి కోట డాబా మీదే ఉంది. సాయంత్రం అక్కడే దీపం పెడతాను. పెట్టిన దీపం ఆర్పకూడదు. దాని వెలుగు తన కెమెరాకు అడ్డమని ధరణి ఏనాడూ అనలేదు. అది దానంతట అది కొండెక్కేదాకా నా పక్కన మెట్టు మీద కూర్చుంటుంది. ఆ కాసేపే రోజంతటిలో మేం మాట్లాడుకునేది. ల్యాబులో ఎవరు ఎవరితో అలిగారో చెబుతుంది. నేను బఠాణీలు ఒలుస్తాను. దీపం కొండెక్కగానే లేచి టెలిస్కోపు బయటికి తెస్తుంది. ఇక పిలిచినా పలకదు.

నూనె కాస్త ఎక్కువే పోస్తాను, గాలికి త్వరగా ఆరిపోకుండా.

ఇవాళ దీపం కొండెక్కింది. ధరణి లేవలేదు.

"కొండెక్కిందే," అన్నాను.

"చూశానక్కా," అంది పార్కు వైపే చూస్తూ. "ఇంకోటి ఉంది కదా."

డిసెంబరు 22, ఆదివారం

ఫణి తన చెల్లెలికి చీకటి కట్టి పెడతానని బయల్దేరాడు. తీగలు, వెదురు కర్రలు పోగు చేశాడు.

"అమూల్యా, నల్లచీర ఒకటి ఇవ్వు."

"నల్లచీరలు కట్టే ఇల్లా మనది? మొదటి పెళ్ళిరోజుకు మీరు కొన్న ముదురు నీలం చీరుంది, తీసుకోండి. ఇన్నేళ్ళకు అది దేనికో ఒకదానికి పనికొస్తోంది."

చీర కట్టారు. చాలక దుప్పటి కలిపారు. గాలికి అదంతా ఉబ్బి ఊగింది. వీధిలోంచి పట్టాభిరామయ్యగారు తల ఎత్తి, "ఏమయ్యా ఫణిభూషణ్, నాటకం ఏదైనా వేస్తున్నావా?" అన్నారు.

"తెర లేచాక చెబుతానండీ."

ధరణి పొట్ట పట్టుకుని నవ్వింది. వారం తర్వాత దాని నవ్వు వినడం.

చీకటి పడ్డాక చూస్తే లాభం లేకపోయింది. వెలుగు తెర మీది నుంచి వస్తోంది, నీళ్ళ ట్యాంకు తెల్లగోడ మీద పడి వెనక్కీ వస్తోంది. చీర విప్పి మడత పెట్టి అమూల్యకు ఇచ్చేశాను.

డిసెంబరు 24, మంగళవారం

పొద్దున బయటి దేశాల వాళ్ళ నుంచి ధరణికి మెసేజు వచ్చింది. పిల్ల బాగా మసకబారుతోందట. నాలుగేళ్ళలో ఇంతగా ఎప్పుడూ లేదు. పెద్ద దుమ్ము తెర ఏదో అడ్డం వస్తున్నట్టుంది, ఒక్క పూట కూడా ఖాళీ పోకూడదు, మీ దేశం నుంచి ఎవరైనా చూస్తున్నారా అని అడిగారు.

వెన్నెల కూడా లేదు. ఆకాశం కడిగినట్టు ఉంది. ధరణి తీసిన ఫొటో చూపించింది. మజ్జిగలా తెల్లగా ఉంది. అందులో పిల్ల ఎక్కడో నాకు తెలియలేదు.

"నాకూ తెలియడం లేదక్కా," అంది.

రేపు కాలనీ సమావేశంలో అడుగుతుందట, లైటుకు మా డాబా వైపు ఒక రేకు అడ్డం పెట్టమని. ఒక్క పక్కే. రోడ్డు మీద వెలుగు తగ్గదు.

పెడతారు, ఎందుకు పెట్టరు అన్నాను.

డిసెంబరు 25, బుధవారం

సమావేశం అయింది. లైటు అలాగే ఉంటుంది.

డిసెంబరు 27, శుక్రవారం

మొన్న అంతా రాయలేదు. ఇవాళ గుళ్ళో కూర్చున్నా అదే మనసులో ఉంది కనుక రాస్తున్నాను.

పార్కులో కుర్చీలు వేశారు. ధరణి లేచి అడిగింది, నెమ్మదిగానే. మాటలు ముందే కూర్చుకుని వచ్చినట్టుంది. మూలింటి సుశీల అందుకుంది.

"నక్షత్రాలు ఎక్కడికి పోతాయమ్మా, రేపు చూసుకోవచ్చు. మెళ్ళో గొలుసు పోతే రేపు వస్తుందా?"

నవ్వారు. ధరణి కూడా కాస్త నవ్వింది.

"వెలుగు రోడ్డు మీదే పడుతుందండీ. రేకు మా డాబా వైపే."

"ఒకరికి రేకు పెడితే రేపు పడకగది వైపు పెట్టమని ఇంకొకరు వస్తారు. అయినా ఆ కంటికి కనిపించనిదాన్ని చూసి ఏం చేస్తావమ్మా?"

"ఏమీ చెయ్యనండీ. చూస్తానంతే."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు కానీ ఎవరికీ అర్థం కాలేదు. పట్టాభిరామయ్యగారు చెయ్యెత్తి అందరినీ ఆపారు.

"లైటు అడిగింది సీతామహాలక్ష్మిగారు. ఆ చెల్లెల్ని పెంచిందీ ఆవిడే. ఆవిడ ఎలా అంటే అలా. చెప్పండమ్మా, రేకు పెట్టిద్దామా?"

అందరూ నా వైపు తిరిగారు. ధరణి తిరగలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూస్తోంది.

"నలుగురికీ ఏది మంచిదైతే అదే చేయండి," అన్నాను.

పెద్దరికం అంటే అదీ అన్నారు ఎవరో. సమావేశం టీలతో ముగిసింది. ఇంటికి నడుస్తుంటే ధరణి నా చెప్పుల ముందు రాయి ఉందని చెయ్యి పట్టుకుని పక్కకు నడిపించింది.

ఆడవాళ్ళ కోసమే అడిగాను లైటు.

డిసెంబరు 30, సోమవారం

అమావాస్య. ఉపవాసం ఉన్నాను.

పిల్ల కోలుకుంటోందట. అడుగంటిపోయి మళ్ళీ వెలుగు పుంజుకుంది. అందరూ పంపిన లెక్కలు కలిపి ఒక బొమ్మ గీశారు. ధరణి భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి చూపించింది. చుక్కలు దిగుతూ వచ్చాయి. ఇవతలి ఒడ్డున చుక్కలు ఎక్కుతున్నాయి. నడుమ చాలా లోతుగా ఉండాల్సిన చోట ఖాళీ.

"దేశాలన్నీ చూశాయి కదా, ఖాళీ ఎందుకు?" అంది అమూల్య. పైనుంచి పులిహోర తెచ్చింది.

"అది పూర్తిగా అడుగుకు చేరినప్పుడు చీకటి ఉన్నది మన వైపే వదినా."

వేలితో ఆ ఖాళీ తాకింది. "ఇక్కడ ఉండాల్సింది మనం."

మనం అంది. 'నేను' అని అనలేదు.

జనవరి 2, గురువారం

బుచ్చవ్వ చామదుంపలు తెచ్చింది. తక్కెడ దించి పార్కు వైపు చూసింది.

"గీ లైటు సూస్తే నాకే కండ్లు గుంజుతున్నయ్ పెద్దమ్మా. కోళ్ళు పండుకుంటయా గిట్ల?"

ధరణికి ఇవాళ సెలవు. గేటు దగ్గరే నిలబడి ఉంది.

"మీ ఊళ్ళో చీకటి ఎలా ఉంటుంది బుచ్చవ్వా?"

"మా ఊళ్ళ సీకటికేం తక్వ బిడ్డా? మా పొలం కాడైతే నీ చెయ్యి నీకే కానరాదు. కరెంటు వోయిందంటే సుక్కలు మీద పడ్తయా అన్నట్టుంటది." గంప మీద చెయ్యి వేసుకుని నవ్వింది. "పైన రూము ఖాళీగనే ఉన్నది. మా కొడుకు కుమారు కట్టుకున్నడు, ఇగ మేడ్చల్‌ల కిరాయికి ఉంటాండు. వస్తవా ఏంది? నేను కింద, నువ్వు పైన. నీ సుక్కలకు నువ్వు కావలుండు, పందులకు మా ముసలాయన ఉంటడు."

హాస్యానికే అంది. ధరణి మాత్రం నవ్వలేదు.

"ఎప్పుడు చూడొచ్చు?" అంది.

బుచ్చవ్వ నా మొహం చూసింది. నేను చామదుంపలు సంచిలో పోయించుకున్నాను.

"నువ్వు గూడ రా పెద్దమ్మా," అంది వెళ్తూ. "గాలి మంచిగుంటది."

జనవరి 5, ఆదివారం

ధరణి బుచ్చవ్వ ఇంటికి వెళ్ళి వచ్చింది. చెప్పులకు ఎర్రమట్టి. వాళ్ళాయన భిక్షం మంచం నేసే తాడుతో టెలిస్కోపు కాళ్ళకు కదలకుండా కట్టు వేస్తానన్నాడట. ఊరి చివరి ఇల్లు, అవతలంతా పొలాలు. నిన్న సాయంత్రం వెళ్ళి, రాత్రి అక్కడే ఉండి చూసింది.

"అక్కా, పిల్ల కనపడింది. సూదిమొనలా, ఎంత శుభ్రంగానో."

గడప మీద కూర్చుని చెప్పింది. లెమ్మని అనలేదు నేను. ఆ మొహం చూసి ఎన్నాళ్ళయిందో.

ఫణికి కోపం వచ్చింది. వచ్చే ఆదివారం అందరం కూర్చుని మాట్లాడదాం అన్నాడు.

జనవరి 7, మంగళవారం

క్యాబు ఆలస్యం. ధరణి ఇంకా రాలేదు. తులసి దగ్గర దీపం పెట్టి ఒక్కదాన్నే కూర్చున్నాను. నూనె ఎప్పటిలాగే నిండుగా పోశాను. చాలాసేపు వెలిగింది.

గాలి కోసం కాదు నూనె.

మూడేళ్ళ క్రితం ఒక సాయంత్రం చెయ్యి తొణికి ఎక్కువ పడింది. ఆ పూట ధరణి నా పక్కన ఎప్పటికన్నా ఎక్కువసేపు కూర్చుంది. మర్నాడు నేనే పోశాను. దానికి తెలుసు. ఒకసారి ప్రమిదలోకి తొంగి చూసి, "ఇవాళ చాలా కబుర్లు ఉన్నాయన్నమాట," అంది. కూర్చుంది. చలిలో, తన పిల్ల నడినెత్తికి ఎక్కుతుంటే, కూర్చుంది.

ఆడవాళ్ళ కోసం లైటు అడిగిన మాట నిజం. చిక్కుడుకాయలు ఏరుతూ తల ఎత్తినప్పుడు నా కళ్ళ ముందున్నది మాత్రం పార్కు మూల కాదు, అప్పుడే క్యాబు ఎక్కిన దాని ఉబ్బిన కళ్ళు. పైన వెలుగుంటే కిందే ఉంటుంది కదా అనుకున్నానా? అనుకోలేదనే ఇన్నాళ్ళూ రాసుకుంటూ వచ్చాను. లైటు సంగతి ఎలా ఉన్నా, రేకు సంగతి అలా కాదు. అడిగింది ఒక రేకు ముక్క. నోటి చివరి దాకా వచ్చింది. పెట్టిస్తే మళ్ళీ పైకి వెళ్ళిపోతుంది.

రామా.

జనవరి 10, శుక్రవారం

ముక్కోటి ఏకాదశి. దేవరయాంజాల్‌లో జనం. ఉత్తర ద్వారం దగ్గర సుశీల నా చెయ్యి పట్టుకుని, "మీ లైటు లేకపోతే ఈ పూట ఇంత పెందలాడే రాగలిగేవాళ్ళమా," అంది. ఆవిడ మెళ్ళో గొలుసు చూశాను. చల్లగా ఉండమన్నాను.

జనవరి 12, ఆదివారం

సాయంత్రం దీపం పెట్టకముందే నలుగురం కింద హాల్లో కూర్చున్నాం. అమూల్య పకోడీలు చేసింది. ఎవరూ తినలేదు. ఫణి మొదలుపెట్టాడు.

"ఒక్కదానివి అక్కడ ఎలా ఉంటావే? మేమే వెళ్ళగొట్టామనుకోరూ జనం?"

"లైటు ఎక్కువై వెళ్ళిందని చెప్పన్నయ్యా."

"వెలుగు ఎక్కువైందని ఇల్లు వదిలేవాళ్ళు ఉంటారా ఎక్కడైనా?"

"నేనున్నాగా."

"చూశావా అక్కయ్యా, ఎలా మాట్లాడుతోందో."

"వెళ్ళనివ్వండి," అంది అమూల్య. తను అలా అంటుందని అనుకోలేదు నేను. "తుర్కపల్లి అక్కడికి దగ్గరే. క్యాబులో వృథా అయ్యే పొద్దంతా నిద్రైనా పోతుంది. బుచ్చవ్వ మనకు కొత్తా? మీకు నచ్చనిది ఊరు కాదు, చెల్లెలు మీ మాట వినకపోవడం."

ఫణి కిటికీ వైపు తిరిగాడు. అటే చూస్తూ, "నువ్వు చెప్పక్కయ్యా. నీ మాటే," అన్నాడు.

మళ్ళీ అందరూ నా వైపు చూశారు. ఈసారి ధరణి కూడా చూసింది.

"పట్టాభిరామయ్యగారిని నేను అడుగుతాను," అన్నాను. "రేపే అడుగుతాను. రేకు పెట్టమని."

ధరణి వచ్చి నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"నువ్వడిగితే పెడతారక్కా," అంది. "ఆ రోజూ పెట్టేవారు."

గొంతులో కోపం లేదు. ఆ నవంబరు ఉదయం కాఫీ తాగుతూ నక్షత్రం గురించి మాట్లాడిన గొంతే. నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఏదైనా చెప్పాల్సింది నేను. దాని జుట్టు ముడి వదులైతే సర్దాను.

చివరికి అనుకున్నది ఇది. కనుమ దాటాక శుక్రవారం ధరణి లాల్‌గడి మలక్‌పేట వెళ్తుంది. టెలిస్కోపు ఫణి కారులో దింపి వస్తాడు, ఆ రూము తలుపు గడియ తనే చూసి మార్పిస్తాడు. అమూల్య చిన్న గ్యాసు పొయ్యి ఇస్తోంది. ఆదివారాలు భోజనానికి ఇక్కడికే. వానలు మొదలై మబ్బు పట్టి నక్షత్రాలు కనపడని నెలలు ఇంట్లోనే ఉంటుంది. మావారి శాలువా తీసుకెళ్తానంది, సరేనన్నాను. రేకు అడగవద్దన్నారు. టెలిస్కోపు లేని డాబాకు రేకు దేనికన్నాడు ఫణి. నన్ను కూడా రమ్మన్న బుచ్చవ్వ మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

అందరూ లేచారు. దీపం పెట్టడానికి నేను నూనె సీసా అందుకుంటుంటే అమూల్య పకోడీల గిన్నె మూత పెడుతూ అంది, "ఇక నుంచి నిండా పోసుకోండి వదినా. కొండెక్కేదాకా కాచుకునేవాళ్ళు ఉండరు కదా."

మంచి మనసుతోనే అంది. ఆ మాటా ఖాయమైంది.